రాని ముప్పై లక్షల మీద మూడు రూపాయల వడ్డీకి అప్పా?

ప్రశ్న: సార్, మాది కావలి దగ్గర పల్లె. మా ఆయనకు 38 ఏళ్లు, రొయ్యల మేత గోడౌన్‌లో సూపర్‌వైజరు. జీతం 18,000. అందులో 10,000 బ్యాంకులో పడుతుంది, మిగతాది చేతికిస్తారు. ఐదు నెలల కిందట హైవే మీద బైక్‌పై వస్తుంటే వెనక నుంచి లారీ గుద్దింది. కాలు రెండు చోట్ల విరిగితే రాడ్లు వేశారు. కాలికి 30 శాతం వైకల్యం ఉంటుందని డాక్టరు అన్నారు. గత నెల నుంచి గోడౌన్‌లో కూర్చుని లెక్కలు రాస్తున్నందుకు 9,000 ఇస్తున్నారు. కోర్టు దగ్గర తిరిగే మధ్యవర్తి ఒకాయన 30 లక్షలు ఇప్పిస్తానని, అందులో పావు వంతు తనకివ్వాలని చెప్పాడు. ఎలాగూ డబ్బు వస్తుంది కదా అని ఆయనకు తెలిసినవాళ్ల దగ్గరే మూడు రూపాయల వడ్డీకి 4 లక్షలు తీసుకున్నాం. నా కుట్టు మిషను మీద వచ్చేదీ, మా తమ్ముడు పంపేదీ ఆ వడ్డీకే పోతోంది. నెల్లూరులో మాకు 25 అంకణాల స్థలం, నా దగ్గర ఎనిమిది సవర్ల బంగారం ఉన్నాయి. ఆ 30 లక్షలు రాగానే ఇంకో స్థలం కొనాలా, బ్యాంకులో వేయాలా?

జవాబు: అమ్మా, స్థలమా బ్యాంకా అన్నది తర్వాత చూద్దాం. మీ ఉత్తరంలో నేను ఆగిపోయింది ‘ఎలాగూ డబ్బు వస్తుంది కదా’ అన్న మాట దగ్గర. ఆలు లేదు చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం అన్నట్టుంది. ఇది మీ ఒక్కరి పొరపాటైతే ఫోన్‌లో చెప్పి వదిలేసేవాణ్ణి. హైవే పక్క ఊళ్ల నుంచి నా దగ్గరికి వచ్చే ప్రమాద కుటుంబాల్లో సగం మంది ఇదే గోతిలో ఉన్నారు కాబట్టి రాస్తున్నాను.

ముందు ఆ 30 లక్షల సంగతి చూద్దాం. పరిహారం మధ్యవర్తి నోటి మాట మీద రాదు. దానికో లెక్క ఉంది, సుప్రీంకోర్టు 2009లోనూ 2017లోనూ ఇచ్చిన తీర్పులతో అది స్థిరపడింది. నెలకు 18,000 అంటే ఏడాదికి 2,16,000. నలభై లోపు వయసు, ప్రైవేటు జీతం కాబట్టి ముందు ముందు ఆదాయం పెరుగుతుందని 40 శాతం కలిపితే 3,02,400. 38 ఏళ్ల వయసుకు 15తో గుణిస్తారు, 45,36,000 అవుతుంది. ఇక్కడే మీ మధ్యవర్తి కళ్లు మెరిసి ఉంటాయి. అది సంపాదించే శక్తి నూటికి నూరు శాతం పోయినవాళ్లకు వచ్చే లెక్క. 30 శాతమే పోయిందంటే 13,60,800.

డాక్టరు చెప్పిన ఆ 30 శాతం కాలికి మాత్రమే, మనిషి మొత్తానికి కాదు. ఈ వైకల్యం వల్ల ఆయన సంపాదన ఎంత తగ్గిందన్నదే కోర్టు చూస్తుంది. కూర్చుని లెక్కలు రాయగలుగుతున్నారు కదా అని 15 శాతమే వేస్తే 6,80,400 అవుతుంది. చేతికిచ్చే 8,000కు రుజువు లేదని బ్యాంకులో పడే 10,000నే లెక్కలోకి తీసుకుంటే అదీ 3,78,000కు దిగుతుంది. వీటికి ఆస్పత్రి ఖర్చు, మంచం మీదున్న నెలల జీతం, నొప్పికీ బాధకూ ఇచ్చేది కలుస్తాయి. హెల్మెట్ లేదనో, తప్పు ఇద్దరిదీ అనో లారీ బీమా కంపెనీ లాయరు వాదించి నెగ్గితే అందులో కోత పడుతుంది. ఎంత సాగదీసినా ఇది 30 లక్షలకు చేరదు.

అదైనా ఎప్పుడొస్తుంది? రెండేళ్లు పట్టొచ్చు, ఇంకా ఎక్కువా పట్టొచ్చు. తీర్పు వచ్చాక బీమా కంపెనీ హైకోర్టుకు వెళ్లొచ్చు. అన్నీ దాటి డబ్బు వచ్చినా కొంత భాగాన్ని బ్యాంకులో ఫిక్స్‌డ్ డిపాజిట్‌గా ఉంచాలని ఈ ప్రమాద కేసులు చూసే ట్రిబ్యునళ్లు చాలాసార్లు ఆదేశిస్తాయి. ఒకేసారి ముప్పై లక్షలు చేతిలో పడి, రిజిస్ట్రార్ ఆఫీసుకు బయల్దేరడం జరిగే పని కాదు.

అప్పు మాత్రం ఆగదు. నూటికి నెలకు మూడు రూపాయలంటే 4 లక్షలకు నెలకు 12,000. మీ ఆయనకు ఇప్పుడొచ్చే జీతం కంటే ఎక్కువ! కేసు రెండున్నరేళ్లు నడిస్తే వడ్డీ ఒక్కటే 3,60,000, అసలు అసలుగానే ఉంటుంది. పరిహారం మీద కోర్టు వేసే వడ్డీ మామూలుగా ఏడాదికి 6 నుంచి 9 శాతం. మీరు కట్టేది 36. మన జిల్లాలో మూడు రూపాయలంటే ‘పర్లేదు, మంచి వడ్డీయే’ అంటారు. అదే 36 శాతం ఏ బ్యాంకైనా అడిగితే గేటు ముందు టెంటు వేసి కూర్చుంటాం. ఖాళీ ప్రోనోట్ల మీద, చెక్కుల మీద సంతకాలు పెట్టారా అన్నది మీరు రాయలేదు. పెట్టే ఉంటారు. ఒంగోలు వైపు పొగాకు రైతు ఒకాయన ఇలాగే పరిహారాన్ని నమ్ముకుని అప్పు చేశాడు. చెక్కు వచ్చిన రోజు అప్పిచ్చినవాడే ఆయన్ను కారులో బ్యాంకుకు తీసుకెళ్లాడు. వడ్డీ, వాటా పోగా మిగిలింది బస్సు ఛార్జీలు, ఒక గేదె.

కాబట్టి ఈ వారంలోనే బంగారం బ్యాంకులో పెట్టండి. ఎనిమిది సవర్ల మీద ఇప్పటి ధరకు 4 లక్షలు పుట్టడం కష్టం కాదు. ఏడాదికి పది శాతం అటూ ఇటూ వడ్డీ, అంటే నెలకు మూడు వేల పైచిలుకు. ఆ డబ్బుతో మూడు రూపాయల అప్పు మొత్తం తీర్చేయండి. తీర్చేటప్పుడు ప్రోనోట్లు, చెక్కులు వెనక్కి తీసుకుని, బాకీ లేదని రాయించుకోండి. నగ తాకట్టు పెడితే ఊళ్లో పరువు పోతుందని అనుకోకండి. అది బీరువాలో ఉండి వడ్డీకి పెరగదు.

నా అసలు గొడవ వేరే ఉంది. ప్రమాదం జరిగిన రాత్రి మీ ఇంట్లో స్థలం ఉంది, బంగారం ఉంది. ఆస్పత్రి అడ్వాన్సు కట్టడానికి మాత్రం చేతిలో డబ్బు లేదు. నెల్లూరు, ప్రకాశం జిల్లాల్లో కష్టపడి దాచుకునే కుటుంబాలన్నీ ఇలాగే ఉంటాయి. నాలుగు రూపాయలు చేరగానే అంకణాల లెక్క మొదలవుతుంది. స్థలాన్ని అర్ధరాత్రి ఎమర్జెన్సీ వార్డులో అమ్ముకోలేం. ఆరు నెలల ఇంటి ఖర్చు ఎప్పుడూ బ్యాంకులో, అడగ్గానే వచ్చేలా ఉండాలని నేను చెబుతూ ఉంటాను. విన్నవాళ్లకు విసుగొస్తుందని తెలుసు, అయినా మానను. ఆ డబ్బు ఉండి ఉంటే మీరు ఆ మధ్యవర్తి గడప తొక్కేవారే కాదు.

మరి ఇప్పుడెక్కడి నుంచి తేవాలంటారా? అప్పు మారిస్తే నెలకు మిగిలే ఎనిమిది వేల పైచిలుకును తొలి నెల నుంచే బ్యాంకులో నెలనెలా కట్టే ఆర్‌డీలో వేయండి. మీకు నెలకు ఎంత ఖర్చవుతుందో రాయలేదు, ఇరవై వేలనుకుందాం. ఆరు నెలలకు 1,20,000 కావాలి. ఏడాది దాటి రెండు మూడు నెలలకు చేరిపోతుంది. మీ ఆయన కాలు ఇంకా కుదురుకోలేదు కాబట్టి ఆరు కాకుండా తొమ్మిది నెలలకు పెంచుకోండి. చీటీలో పెట్టొద్దు, పాట ఎవరికి పోతుందో తెలియని డబ్బు అత్యవసరానికి పనికిరాదు. మీ స్థలాన్ని ఇప్పుడు తొందరపడి అమ్మకండి, అవసరం కనిపెట్టి రేటు తగ్గిస్తారు. పరిహారం వచ్చినప్పుడు ముందు బంగారం విడిపించండి, తర్వాత ఆ నిధి నింపండి, ఆపైన ఇద్దరికీ వ్యక్తిగత ప్రమాద బీమా తీసుకోండి. మిగిలితే బ్యాంకు. రెండో స్థలం ఊసు ఎత్తకండి.

ఇప్పుడు అన్నిటికంటే తొందరైన పని. మీ మధ్యవర్తి పిటిషన్ వేశాడా? ‘చార్జిషీటు రానీ’ అంటూ తిప్పుతుంటే చార్జిషీటు వచ్చేదాకా ఆగాల్సిన పని లేదు, ఎఫ్‌ఐఆర్ చాలు. 2022 ఏప్రిల్ 1 నుంచి ప్రమాదం జరిగిన ఆరు నెలల్లోపు క్లెయిము వేయాలన్న నిబంధన ఉంది. ఆ గడువును సవాలు చేస్తూ సుప్రీంకోర్టుకు వెళ్లినవాళ్లు ఉన్నారు గానీ మీరు దాన్ని నమ్ముకుని కూర్చోకండి. మీకు మిగిలింది నెల. ప్రమాదం జరిగిన చోటైనా, మీరు ఉండే చోటైనా ట్రిబ్యునల్‌లో వేయొచ్చు. మీరే నేరుగా ఒక లాయరును పెట్టుకోండి. వచ్చేదాంట్లో వాటా అడగడం లాయర్ల నిబంధనలకే విరుద్ధం, ఇక మధ్యవర్తికి పావు వంతు దేనికి? లోక్ అదాలత్‌లో రాజీ అంటే వెళ్లండి, నేను పైన వేసిన లెక్క దగ్గర పెట్టుకుని మాట్లాడండి. అక్కడ ఒప్పుకుంటే మళ్లీ అప్పీలు ఉండదు.

గోడౌన్ ఓనరు దగ్గరికి రేపే వెళ్లి, జీతం 18,000 అని లెటర్‌హెడ్ మీద రాయించుకోండి. అవసరమైతే కోర్టుకు వచ్చి చెప్పడానికి ఒప్పించండి. ప్రమాదానికి ముందు నిలబడి లోడ్లు దింపించే పని చేశారని, ఇప్పుడు కుర్చీ పని, సగం జీతం అని కూడా అందులో ఉండాలి. 15 శాతమా 30 శాతమా అన్నది చాలావరకు ఈ కాగితం మీదే తేలుతుంది. వైకల్యం ఎంతో ప్రభుత్వం తేల్చి ఇచ్చే సదరం సర్టిఫికెట్‌కు స్లాట్ పెట్టుకోండి. మందుల షాపు బిల్లులు కవర్లో చుట్టి బీరువా మీద పెట్టి ఉంటారు. ఆ నున్నటి కాగితం మీద అక్షరాలు మన ఎండలకు ఒక్క వేసవిలో తెల్లబడిపోతాయి. ఒక్కొక్కటీ జిరాక్స్ తీయించి, మీద తేదీ రాసి పెట్టుకోండి.