ఇంటి వర్క్‌షాప్‌లో ధ్యాస నిలవకపోతే: నా అనుభవం

పెరట్లో చిన్న వర్క్‌షాప్ పెట్టుకున్నాను, పనిలో కూర్చున్న పది నిమిషాలకే ధ్యాస ఎటో పోతోంది, ఏం చేయాలి అని అడిగారు. నేను పన్నెండేళ్లుగా ఇంటి వెనక రేకుల షెడ్డులో ఫ్యాన్లకి వైండింగ్ చేస్తున్నాను, అంటే మోటారులో పాత తీగ తీసి కొత్తది చుట్టడం. ఈ బాధ నేనూ పడ్డాను.

ఒక మే నెలలో బాలింత ఉన్న ఇంటి నుంచి సీలింగ్ ఫ్యాన్ వచ్చింది. సాయంత్రానికల్లా ఇస్తానని మాటిచ్చాను. 36 గేజ్ రాగి తీగ, కుట్టుదారమంత సన్నం. ఒక్కో కాయిల్‌కి, అంటే ఒక్కో తీగ చుట్టకి, నాలుగు వందల దాకా చుట్లు. పైగా ఒక కాయిల్ కుడివైపు చుడితే దాని పక్కది ఎడమవైపు చుట్టాలి. ఎనిమిదోది అయ్యిందో లేదో, పక్కింటి పిన్నిగారు మిక్సీ జార్ పట్టుకుని వచ్చారు. "బుష్ పోయిందేమో చూడు నాయనా" అన్నారు. చూసిచ్చాను. తిరిగొచ్చి తొమ్మిదోది కూడా ఎనిమిదో దాని వైపే చుట్టేశాను. అంతా బిగించి స్విచ్ వేస్తే గుయ్‌మని ఒకటే మోత, వేగం లేదు. తీగంతా పీకి మళ్ళీ మొదటి నుంచి చుట్టాను. పసిబిడ్డతో ఆ తల్లి ఆ రాత్రి ఉక్కపోతలో పడుకుంది. అది ఇప్పటికీ నా మనసులో ఉంది.

పిన్నిగారి తప్పేం లేదు. ఇంట్లో పని పెట్టుకున్నాక మనుషులు వస్తారు, పిలుస్తారు. ఎక్కడ ఆపానో గుర్తు పెట్టుకోకుండా లేవడమే నా తప్పు. అప్పటి నుంచి ఎవరు పిలిచినా ముందు స్టేటర్ (కాయిల్స్ చుట్టే ఇనుప భాగం) మీద మార్కర్‌తో కాయిల్ నంబరు వేసి, చుట్టాల్సిన వైపు బాణం గీస్తాను. ఆ తర్వాతే "ఆఁ" అంటాను. మా పాపకి కూడా అలవాటైంది, నేను తలెత్తే దాకా గుమ్మం దగ్గరే నిలబడుతుంది.

ఇంకోటి, స్క్రూడ్రైవర్ కోసం లేచి పాత రేడియో విప్పుతూ కూర్చోవడం. ఇది నన్ను ఫోన్ కంటే ఎక్కువ చెడగొట్టింది. ఇప్పుడు బల్ల మీద ఆ రోజు పనికి కావాల్సినవే ఉంటాయి, మిగతావన్నీ గోనెసంచి కింద. చుట్లు లెక్కపెట్టే పనులు పొద్దున్న ఐదున్నరకి మొదలుపెడతాను, రేకులు వేడెక్కేలోపు అయిపోతాయి. కరెంటు పోయినప్పుడు విప్పడాలు, తుడవడాలు.

సీరీస్ బల్బు పెట్టి, అంటే ఫ్యాన్‌కి వెళ్ళే కరెంటు ఒక బల్బు గుండా వెళ్ళేలా కలిపి, టెస్ట్ చేసేటప్పుడు మాత్రం ఎవరితోనూ మాట్లాడను. తల తిప్పాల్సి వస్తే ముందు ప్లగ్గు పీకేస్తాను. మీరూ దయచేసి అలాగే చేయండి, ఆ వైర్లకి బల్బు ఉన్నా షాక్ కొడుతుంది.

మీది ఏ పనో రాయలేదు. చెక్క పనైతే కోత మిషన్ దగ్గర కూడా ఇంతే, ఎవరు పిలిచినా బ్లేడు పూర్తిగా ఆగాకే తల తిప్పండి.