కుర్చీ కొనేముందు బాబును కొలిపించు

తల్లీ,

నిన్న ఫోన్లో "పెద్దమ్మా, వీల్‌చైర్ డిస్కౌంట్‌లో ఉంది, ఈ రాత్రికే ఆర్డర్ పెట్టేస్తా" అన్నావు. పెట్టకు. కాస్త ఆగు.

మావాడికి నాలుగేళ్లప్పుడు నేనూ ఇలాగే తొందరపడ్డాను. "ఎదిగే పిల్లాడమ్మా, ఒక సైజు పెద్దది తీసుకోండి" అన్నాడు షాపతను. పండక్కి చొక్కా కొన్నట్టు కొనేశాను. కూర్చోబెడితే ముందుకు జారిపోయేవాడు. వెన్ను వంగేది, తల పక్కకు వాలేది, ముద్ద పెడితే పొలమారేది. పిల్లాడు తినట్లేదని ఏడ్చానే గానీ తప్పు కుర్చీదని తట్టలేదు. ఏడాది తర్వాత ఒక ఫిజియోథెరపిస్టు తుంటి దగ్గర బెల్టు బిగించి, పాదాల కింద పీట వేసి, రెండు పక్కలా దిండ్లు దూర్చింది. ఆ పూట గిన్నె ఖాళీ చేశాడు.

అందుకే ముందు సికింద్రాబాద్ బోయిన్‌పల్లి మనోవికాస్ నగర్‌లో ఎన్‌ఐఈపీఐడీకి, అదే మేధో వైకల్యం ఉన్నవాళ్ల కోసం కేంద్రం నడిపే సంస్థకి తీసుకెళ్లు. పాతవాళ్లు ఇంకా ఎన్‌ఐఎంహెచ్ అనే అంటారు, ఆటోవాళ్లకి అదే చెప్పు. అక్కడ ఫిజియోథెరపిస్టు చేత కొలతలు తీయించి కాగితం మీద రాయించుకో. సీటు అంచుకీ మోకాలి మడతకీ మధ్య రెండు వేళ్ల సందు ఉండాలి. పాదాలు వేలాడకూడదు. ఇంకొకటి, వీపు మాత్రమే వెనక్కి వాలే కుర్చీ వేరు, సీటుతో సహా మొత్తం వాలే టిల్ట్ కుర్చీ వేరు. మొదటిదాంట్లో ఒంటి మీద పట్టు లేని మీవాడి లాంటి పిల్లలు జారిపోతారు. షాపుల్లో రెండింటినీ ఒకటే అన్నట్టు చెబుతారు, నమ్మకు. మీ బాత్రూమ్ తలుపు, లిఫ్టు వెడల్పు కూడా టేపుతో కొలుచుకుని వెళ్లు.

డబ్బు సంగతి. యూడీఐడీ కార్డు (వైకల్యం ఉన్నవాళ్లకి ప్రభుత్వం ఇచ్చే గుర్తింపు కార్డు), మీసేవలో ఆదాయ సర్టిఫికెట్ సిద్ధం చేసుకో. వైకల్యం 40 శాతం గానీ, అంతకంటే ఎక్కువ గానీ ఉంటే ఇలాంటి పరికరాలు ఇచ్చే కేంద్రం అడిప్ పథకం వర్తిస్తుంది. ఇంటి ఆదాయం నెలకు 22,500 లోపైతే ఉచితం, 30,000 వరకు సగం ధర. పరికరాలు తయారుచేసే ప్రభుత్వ సంస్థ అలింకో వాళ్ల సీపీ చైర్, అంటే సెరిబ్రల్ పాల్సీ పిల్లల కుర్చీ, అందులోనే వస్తుంది. కానీ క్యాంపులో ఇస్తున్నారు కదా అని సరిపడనిది మోసుకురాకు. పన్నెండేళ్ల లోపు పిల్లలకైతే మళ్లీ ఏడాది దాకా, ఆపై వాళ్లకైతే మూడేళ్ల దాకా అదే అవసరానికి ఇంకోసారి ఇవ్వరు. కొలతల కాగితం చూపించి అడుగు. మొహమాటపడకు.

పిల్లాణ్ని నిలబెట్టి ఉంచే స్టాండింగ్ ఫ్రేమ్ ఇప్పుడే వద్దు. డాక్టరు తుంటి ఎక్స్‌రే చూశాక ఆలోచిద్దాం.

మావాడి పాత కుర్చీ అటక మీదే ఉంది. మీవాడికి సరిపోదు గానీ, బెల్టు ఏ కోణంలో రావాలో దాని మీద చూపిస్తాను. ఆదివారం బాబును తీసుకుని రా. పప్పుచారు పెడతాను, వాడికి మెత్తగా పిసికి.

మీ పెద్దమ్మ