క్వాడ్ రేసులకు కంపెనీలు మళ్లీ వస్తాయా?

ప్రశ్న: అన్నా, మాది మిర్యాలగూడ. రైస్‌మిల్లుల్లో వెల్డింగ్ పని చేస్తాను. అమెరికాలో క్వాడ్‌లతో, అంటే మట్టి దారుల్లో తోలే నాలుగు చక్రాల బండ్లతో జరిగే రేసులంటే పిచ్చి. కంపెనీలు తప్పుకున్నాయి కదా, ఇక సొంతంగా కట్టిన బండ్లదే రాజ్యమా?

జవాబు: తమ్ముడూ, చాలావరకు అంతే. ఇది కొత్త కాదు. హోండా రేస్ క్వాడ్ టీఆర్ఎక్స్250ఆర్ తయారీ 1989తో ఆగింది, సుజుకీ క్వాడ్‌రేసర్ 250 1992తో. అప్పుడు ఆటను బతికించింది చిన్న షాపులే. పాత హోండా ఇంజన్ పెట్టుకుని చుట్టూ కొత్త ఫ్రేమ్ కట్టాయి. 2004లో యమహా, హోండా 450 సీసీ రేస్ క్వాడ్‌లు దించాక కంపెనీల ఊపు మొదలైంది. 2008 మాంద్యం తర్వాత చల్లబడింది. ఇప్పుడు పెద్ద జపాన్ కంపెనీల్లో 450 రేస్ క్వాడ్ అమ్ముతున్నది యమహా ఒక్కటే.

సొంతంగా కట్టే క్వాడ్‌లో మోటోక్రాస్ బైకు (మట్టి ట్రాక్ మీద రేసులాడే బైకు) ఇంజన్ పెట్టుకోవచ్చు కాబట్టి, ఆ బైకులు తయారవుతున్నంత కాలం ఇంజన్‌కు కొదవ లేదు. కానీ ఆ ఇంజన్ తేలికైన బైకు కోసం పుట్టింది. క్వాడ్ బరువుకు, వెడల్పు టైర్ల పట్టుకు క్లచ్, గేర్లు తొందరగా అరుగుతాయి. అందుకే నేను కంపెనీని అడిగేది రేసుల దగ్గర వేసే రంగుల టెంట్లు కాదు, పదేళ్లపాటు స్పేర్ పార్టులు. అది నిజంగా చాలా అవసరం.

నువ్వు వెల్డర్‌వి కాబట్టి ఒకటి చెబుతా. ఫ్రేమ్‌కు ఏ-ఆర్మ్ (ముందు చక్రాన్ని ఫ్రేమ్‌కు కలిపే చేయి) బిగించే బ్రాకెట్ చూడు. అతుకు మీద కాదు, దాని పక్కనే రంగు వెంట్రుకంత చీలుతుంది. గోరుకు తగులుతుంది. పైనుంచి ఇంకో పూత వెల్డింగ్ వేయకు, చీలిక మొత్తం గ్రైండ్ చేసి తీసెయ్. క్రోమోలీ (క్రోమియం, మాలిబ్డినం కలిసిన గట్టి ఉక్కు) పైపు మీద టిగ్ వెల్డింగ్ ఇప్పటినుంచే సాధన చెయ్యి.