ఆర్కిటెక్చర్ విద్యార్థులకు కాంక్రీటు భవనాల నిర్మాణ రూపకల్పనను ఎలా బోధించాలి?

ఇంజినీరింగ్ విద్యార్థులకు చెప్పే లెక్కలనే కొంత కుదించి వీరికి చెప్పడం వల్ల పెద్దగా ప్రయోజనం ఉండదని నా అభిప్రాయం. కాంక్రీటులో వేసే ఉక్కు కడ్డీల తుది లెక్క ఇంజినీరు చేస్తారు. అయితే స్తంభాలు ఎక్కడ నిలవాలో, బీములు ఎటు సాగాలో చాలావరకు ఆర్కిటెక్టు గీసే తొలి ప్లానులోనే తేలిపోతుంది కాబట్టి, స్లాబు నుంచి బీముకు, బీము నుంచి స్తంభానికి, అక్కడి నుంచి పునాది ద్వారా నేలకు బరువు దిగే దారిని తన ప్లాను మీదే గుర్తించడం విద్యార్థికి ముందుగా అలవాటు కావాలి.

కాంక్రీటు నొక్కుడును బాగా తట్టుకుంటుంది, సాగదీతను మాత్రం అందులో సుమారు పదో వంతే తట్టుకుంటుంది గనుక, సాగదీత వచ్చే చోట ఉక్కు ఉండాలి. రెండు చివరలా ఆనించిన బీములో ప్రధాన కడ్డీలు అడుగున, కాంటిలీవర్ (ఒక చివరే బిగించి, రెండో చివర ఆధారం లేని) బాల్కనీలో పైన ఎందుకు ఉంటాయో, పక్కవైపు నిలువు గీతలు గీసిన స్పాంజి ముక్కను వంచి చూపితే సూత్రాలకన్నా ముందే అర్థమవుతుంది.

స్పాను, అంటే బీము ఆనే రెండు ఆధారాల మధ్య దూరం, చూపే ప్రభావాన్ని మాత్రం లెక్కతోనే చూపాలి. పొడవునా సమంగా బరువు మోసే బీములో మీటరుకు పడే బరువు, బీము అడ్డుకొలతలు మారకుండా స్పాను మాత్రమే రెట్టింపైతే, బెండింగ్ మొమెంట్ (బీమును వంచే ప్రభావం) 4 రెట్లు, కిందికి వంగడం 16 రెట్లు అవుతాయి. బీము లోతును (పై అంచు నుంచి అడుగు వరకు ఉండే కొలతను) రెట్టింపు చేస్తే దృఢత్వం 8 రెట్లు పెరుగుతుంది. ఇది గ్రహించిన విద్యార్థి 4 మీటర్ల గదికి సరిపోయిన బీమునే 8 మీటర్ల హాలుకూ గీయరు.

పరీక్ష కూడా విడి ప్రశ్నపత్రంగా కాక, వారి స్టూడియో డిజైన్ మీదే జరగడం మేలు.