కొన్న ధరపై 25 శాతం వేసి అమ్ముతున్నా చేతిలో డబ్బు ఎందుకు నిలవడం లేదు?

కావలిలో బట్టల అంగడి నడుపుతున్న మీరు, కొన్న ధరపై 25 శాతం వేసి నెలకు 2 లక్షలు అమ్ముతున్నా నెలాఖరుకు గల్లాపెట్టె ఖాళీగానే ఉంటోందని, ఇది లాభమో నష్టమో ఎలా తేల్చుకోవాలని అడిగారు. ఒంగోలులో అదే వ్యాపారం చేస్తూ మొదటి మూడేళ్లు ఇదే అయోమయంలో ఉన్నవాణ్ణి కాబట్టి వివరంగా రాస్తున్నాను.

ముందు శాతం సంగతి చూడండి. 100 రూపాయలకు కొన్న చీరను 125కు అమ్మితే వచ్చే 25 రూపాయలు కొన్న ధరలో 25 శాతమే గాని, అమ్మిన ధరలో 20 శాతం మాత్రమే. కనుక మీ 2 లక్షల అమ్మకంలో సరుకు ఖరీదు 1,60,000, స్థూల లాభం (అంటే అద్దె, జీతాల వంటి ఖర్చులు తీయకముందు మిగిలేది) 40,000. దాన్ని 50,000 అనుకుని ఖర్చులు పెట్టుకుంటే అక్కడే తేడా వస్తుంది. ఇది తెలియకనే నేను ఒక సంక్రాంతికి 20 శాతం తగ్గింపు బోర్డు పెట్టాను. ఇరవై ఐదులో ఇరవై పోయినా ఐదు మిగులుతుందనుకున్నాను. కాని 125లో 20 శాతం అంటే సరిగ్గా 25 రూపాయలు. వారం రోజులు అంగడి కిటకిటలాడింది, సరుకంతా కొన్న ధరకే వెళ్లిపోయింది, పండుగకని పెట్టుకున్న కుర్రాళ్ల జీతాలు అప్పు చేసి ఇవ్వవలసి వచ్చింది.

మీ ఖర్చులు మీరు రాయలేదు గనుక ఉదాహరణకు అద్దె 12,000, పనివాడి జీతం 10,000, కరెంటు 3,000, నూటికి రెండు రూపాయల వడ్డీకి తెచ్చిన 3 లక్షలపై నెలకు 6,000, మొత్తం 31,000 అనుకుందాం. (ఆ రెండు రూపాయల వడ్డీ ఏడాదికి 24 శాతమని మరవకండి, ముందుగా తీర్చవలసిన అప్పు అదే.) రూపాయి అమ్మకానికి 20 పైసలు మిగులుతున్నప్పుడు 31,000 రావాలంటే 1,55,000 అమ్మాలి. లాభమూ నష్టమూ లేని స్థానం అదే. అది దాటిన అమ్మకంలోని 20 శాతమే మీ నికర లాభం, అంటే 9,000. ఇప్పుడు పది శాతం తగ్గించి అమ్మితే 125 రూపాయల చీర 112.50కి పోతుంది, లాభం సగమై 12.50 అవుతుంది. అదే 9,000 మిగలాలంటే రెట్టింపు సరుకు అమ్మాలి. తగ్గింపు ప్రకటించే ముందు ఈ ఒక్క లెక్క చేసి చూడమని ప్రాధేయపడుతున్నాను.

అయితే 9,000 లాభం ఉన్నా డబ్బు ఎందుకు కనబడదు? నెల మొదట 4,00,000 సరుకు ఉండి, 1,85,000 నగదు ఇచ్చి కొన్నారనుకుంటే, 1,60,000 ఖరీదు సరుకు అమ్ముడుపోగా నెలాఖరుకు 4,25,000 అలమారాల్లో ఉంటుంది. లాభం 9,000 అయినా నిల్వలో 25,000 ఇరుక్కున్నందున చేతిలో 16,000 తగ్గుతుంది. అరువుకు కొన్నవాళ్లు మీకు ఇవ్వవలసిన బాకీలు కూడా 14,000 పెరిగాయంటే ఆ తగ్గుదల 30,000. లాభం వేరు, చేతిలోని డబ్బు వేరు అని నాకు అర్థమైనది ప్రతి నెలా చివరి రోజు రాత్రి సరుకు లెక్కపెట్టడం మొదలుపెట్టాకనే. నిల్వకు విలువ కట్టేటప్పుడు కొన్న ధర, ఇప్పుడు పలికే ధర, ఈ రెండింటిలో తక్కువదాన్నే తీసుకోవాలి. మూడేళ్ల నాటి డిజైన్లను పాత ధరకే రాసుకుంటే లేని లాభం కాగితం మీద కనిపిస్తుంది.

మీరు జీఎస్టీ వసూలు చేస్తున్నట్లయితే దానిని అమ్మకంలో కలపవద్దు. 5 శాతం పన్ను ఉన్న వస్త్రానికి 1,050 తీసుకుంటే మీ అమ్మకం 1,000 మాత్రమే. ఇంటి ఖర్చుకు గల్లాలోంచి తీసే ప్రతి రూపాయినీ సొంతవాడకం ఖాతాలో విడిగా రాయండి. ఒక్క నెల ఇలా రాసి నిల్వ, బాకీలు, సొంతవాడకం అంకెలు ఇక్కడ పెడితే, డబ్బు ఎక్కడ ఆగిందో మీతో కలిసి చూస్తాను.