మరణ ధ్రువపత్రంలో మరణ కారణం ఎందుకు ఉండదు?

బీమా సంస్థ మరణ కారణం అడుగుతోందని, మున్సిపాలిటీ ఇచ్చిన పత్రంలో అది లేదని, మళ్లీ దరఖాస్తు చేయాలా అని ఒకరు అడిగారు. ప్రయోజనం లేదు. 1969 నాటి జనన మరణాల నమోదు చట్టంలోని 17వ సెక్షన్ ప్రకారం రిజిస్టరు నుంచి ధ్రువీకృత నకలు (అంటే మరణ ధ్రువపత్రం) పొందవచ్చు గానీ, అందులో మరణ కారణాన్ని వెల్లడించకూడదని అదే సెక్షన్ నిషేధిస్తోంది. కారణానికి వైద్యుని ధ్రువీకరణే ఆధారం. 2023 సవరణ ప్రకారం ఆసుపత్రి దాని ప్రతిని దగ్గరి బంధువుకు ఇవ్వాలి కనుక అక్కడే అడగండి. ప్రమాద మరణమైతే ఎఫ్‌ఐఆర్, పోస్టుమార్టం నివేదిక కూడా సాధారణంగా అడుగుతారు.

మరణ ధ్రువపత్రం అదనపు నకళ్లకు మాత్రం మరణం సంభవించిన చోటి రిజిస్ట్రారుకే దరఖాస్తు చేయాలి. విజయవాడ వాసి హైదరాబాద్ ఆసుపత్రిలో మరణిస్తే రికార్డు హైదరాబాద్‌లోనే ఉంటుంది. చాలామంది అనవసరంగా తిరిగేది ఇక్కడే.