పొలం అమ్మి బీటెక్ చదివించాలా?

ప్రశ్న: మాస్టారూ, మాది ఒడిశా గజపతి జిల్లా కాశీనగర్. చిన్న కిరాణా కొట్టు ఉంది, వంశధార ఒడ్డున ఎకరం పది సెంట్ల పల్లం ఉంది. మా అబ్బాయి ఈ ఏడాది ప్లస్ టూ సైన్స్ పాసయ్యాడు, 64 శాతం. జేఈఈ రాయలేదు. విశాఖపట్నం దగ్గర ఒక ప్రైవేటు కాలేజీలో కంప్యూటర్ సైన్స్ సీటు ఇప్పిస్తానని ఒకాయన ఇంటికి వచ్చాడు. ఫీజు, హాస్టలు కలిపి ఏడాదికి 2 లక్షలు. ఫీజు రీయింబర్స్‌మెంట్ వస్తుంది, ఉద్యోగం గ్యారంటీ అంటున్నాడు. అడ్వాన్సు 10 వేలు తీసుకున్నాడు, ఇప్పుడు ఒరిజినల్ సర్టిఫికెట్లు అడుగుతున్నాడు. పొలం అమ్మితే డబ్బు సర్దుబాటవుతుంది. గాజువాకలో వెల్డరుగా పనిచేసే మా బావమరిది మాత్రం ‘చదువులు దండగ, వాణ్ణి నాతో పంపించు’ అంటున్నాడు. ఈ రోజుల్లో కాలేజీ చదువుకు ఇంత పెట్టడం తగునా? పదో తరగతి పాసైన పాప కూడా ఉంది, దాని సంగతి తర్వాత చూద్దామనుకుంటున్నాం.

జవాబు:

అన్నగారూ, మిగతాదంతా తర్వాత. ముందు ఒరిజినల్ సర్టిఫికెట్లు ఎవరి చేతికీ ఇవ్వకండి. చేరేటప్పుడు కాలేజీవాళ్లు చూసి, జిరాక్సులు ఉంచుకుని, ఒరిజినల్స్ అక్కడికక్కడే తిరిగి ఇచ్చేయాలి. ఇది ఉన్నత విద్యను అజమాయిషీ చేసే కేంద్ర సంస్థ యూజీసీ పెట్టిన నిబంధన. మధ్యలో ఉన్న మనిషికి అవి అడిగే హక్కే లేదు. ఆయన వాటిని ఎందుకు అడుగుతున్నాడో నాకు తెలుసు. రేపు మీ మనసు మారినా కదలకుండా ఉండాలని. ఇంకో విషయం కూడా గుర్తుంచుకోండి. కాలేజీకి కట్టిన ఫీజుకు రసీదు ఉంటే, అడ్మిషన్ల చివరి తేదీకి 15 రోజుల ముందే సీటు వదులుకున్నవాళ్లకు కొద్దిపాటి ఖర్చు పోగా దాదాపు మొత్తం డబ్బు వెనక్కి ఇవ్వాలని అదే యూజీసీ చెప్పింది. ఆలస్యమయ్యేకొద్దీ తిరిగొచ్చేది తగ్గిపోతుంది. చివరి తేదీ దాటి 30 రోజులైతే పైసా రాదు. మీ 10 వేలకు కాలేజీ పేరుతో రసీదు ఉందా? లేకపోతే అది ఆయన జేబులోకి పోయినట్టే. దాని కోసం 8 లక్షలు పెట్టాల్సిన పని లేదు.

రీయింబర్స్‌మెంట్ మాట అబద్ధం. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ఇచ్చే ఫీజు సాయం ఆ రాష్ట్రపు పిల్లలకే. మనం తెలుగువాళ్లమే, పాతపట్నంలో మన చుట్టాలున్నారు, పెళ్లిళ్లు అటూ ఇటూ జరుగుతాయి, సంతలు కలిసే చేసుకుంటాం. కానీ కాగితం దగ్గరికి వచ్చేసరికి మహేంద్రతనయకు అటు ఒక రాష్ట్రం, ఇటు ఒక రాష్ట్రం. అక్కడి కన్వీనర్ కోటా సీట్లకు స్థానికత చూస్తారు. ఒడిశాలో చదివిన పిల్లలకు ఆ తలుపు మామూలుగా మూసే ఉంటుంది. మిగిలేది మేనేజ్‌మెంట్ సీటు. మీకు చూపిస్తున్నది అదే. కుల ధ్రువపత్రాల సంగతీ అంతే. ఆంధ్రాలో బీసీ అయిన కులం ఒడిశా ఎస్ఈబీసీ (అక్కడి బీసీ) జాబితాలో ఉండాలని లేదు. ఇక్కడి పత్రం అక్కడి రిజర్వేషనుకు పనికిరాదు. ఏటా జూన్‌లో మన సరిహద్దు ఊళ్లలో తిరిగే ఈ ఏజెంట్లకు ఇదంతా తెలుసు. మనకు తెలియదని కూడా తెలుసు. ఈ విషయంలో నాకు చాలా కోపం ఉంది.

ఇక మీ అసలు ప్రశ్న. చదువు దండగ అని నేను ఎప్పటికీ అనను. అలాగని ఏ కాలేజీ అయినా, ఏ ధరకైనా మేలే అనీ అనను. కేంద్ర ప్రభుత్వం చేసే శ్రామిక సర్వేల్లో రెండు విషయాలు ఏటా పక్కపక్కనే కనిపిస్తాయి. నెల జీతం మీద పనిచేసేవాళ్లలో డిగ్రీ ఉన్నవాళ్ల సంపాదన సగటున ఎక్కువ. ఉద్యోగం దొరక్క ఖాళీగా ఉండే శాతం కూడా చదువుకున్న యువతలోనే ఎక్కువ. మీ బావమరిది రెండోది చూశాడు, మీరు మొదటిది చూశారు. ఇద్దరూ నిజమే చెబుతున్నారు. కాబట్టి మీ ఇంటి లెక్క మీరే వేసుకోవాలి.

రండి, వేద్దాం. పొలం అమ్మకుండా బ్యాంకు అప్పు తీసుకున్నారనుకోండి. ఏడాదికి 2 లక్షల చొప్పున నాలుగేళ్లు, వడ్డీ పదిన్నర శాతం. చదువు అయ్యేదాకా, ఆ తర్వాత ఇంకో ఏడాది కిస్తీ కట్టక్కర్లేదు. కానీ వడ్డీ ఆగదు. ఆ ఐదేళ్లలో వడ్డీయే 2 లక్షల 94 వేలు అవుతుంది. మొత్తం దాదాపు 11 లక్షలు. దాన్ని పదేళ్లలో తీర్చాలంటే నెలకు సుమారు 14,700 కట్టాలి. పదేళ్లకు కట్టేది పదిహేడున్నర లక్షలు దాటుతుంది. ఇప్పుడు అబ్బాయికి మొదటి ఉద్యోగం హైదరాబాదులోనో బెంగళూరులోనో 20 వేలకు వచ్చిందనుకోండి. మామూలు కాలేజీ నుంచి మామూలు మార్కులతో బయటికొచ్చే పిల్లలు ఆ జీతాలకు చేరడం నేను ఏటా చూస్తున్నాను. 14,700 పోగా మిగిలే 5,300తో గది అద్దె కడతాడా, అన్నం తింటాడా? నేను తల్లిదండ్రులకు చెప్పే కొలత ఒకటే. కిస్తీ మొదటి జీతంలో నాలుగో వంతు దాటకూడదు. 20 వేల జీతానికి 5 వేల కిస్తీ. ఆ లెక్కన మీవాడు మోయగల అప్పు రెండు మూడు లక్షలు.

పొలం అమ్మితే వడ్డీ బాధ ఉండదు కదా అనిపించవచ్చు. ఇంటికి వచ్చే ధాన్యం పోయి, ఏడాది పొడుగునా బియ్యం కొనుక్కుంటారు చూడండి, అదే వడ్డీ. కొట్టు నడవని నెలలో ఆదుకునేది కూడా ఆ పల్లమే.

దీన్ని నేను మా ఇంట్లోనే చూశాను. మా తమ్ముడి చదువుకు నాన్న ఎకరంన్నర అమ్మారు. మొదటి ఏడాదే వాడు రెండు సబ్జెక్టులు తప్పాడు. ఆ చదువు తనకు ఎక్కడం లేదని వాడికి రెండో నెలలోనే తెలుసు. పొలం అమ్మి పంపిన నాన్నకు ఆ మాట ఎలా చెబుతాడు? మూడేళ్లు చెప్పలేదు. సెలవులకు ఇంటికి వస్తే తలెత్తి మాట్లాడేవాడు కాదు. నాన్నకూ అడగాలంటే భయం. డబ్బు పోయినందుకు కాదు గానీ, ఆ మూడేళ్లు ఒకే ఇంట్లో ఆ ఇద్దరూ మౌనంగా తిరగడం తలచుకుంటే నాకు ఇప్పటికీ బాధగా ఉంటుంది. ఆస్తి అమ్మి పంపిన పిల్లాడికి ‘నాకు ఇది రావడం లేదు’ అని చెప్పే స్వేచ్ఛ ఉండదు. ఏ ఫీజుల పట్టికలోనూ ఈ ఖర్చు కనిపించదు.

అందుకే అడుగుతున్నాను. మీ ఉత్తరంలో ఏజెంటు ఏమన్నాడో ఉంది, బావమరిది ఏమన్నాడో ఉంది. అబ్బాయి ఏమంటున్నాడు? కంప్యూటర్ సైన్స్ వాడు అడిగిందా, ఏజెంటు చెప్పిందా?

వాడికి ఇంజనీరింగ్ అంటే నిజంగా ఇష్టం ఉంటే, తక్కువ ఖర్చుతో ఒక దారి ఉంది. ప్లస్ టూ సైన్స్ పాసైనవాళ్లు ఒడిశాలో పాలిటెక్నిక్ డిప్లొమాలో నేరుగా రెండో ఏడాదిలో చేరవచ్చు. లేటరల్ ఎంట్రీ అంటారు. బరంపురంలో ఉమాచరణ్ పట్నాయక్ ఇంజనీరింగ్ స్కూల్ లాంటి ప్రభుత్వ పాలిటెక్నిక్‌లు ఉన్నాయి, ఫీజు వేలల్లోనే. రెండేళ్లలో డిప్లొమా చేతికొస్తుంది. డిప్లొమాతో జూనియర్ ఇంజనీర్ ఉద్యోగాలకు, రైల్వేలో అసిస్టెంట్ లోకో పైలట్ పోస్టులకు అర్హత ఉంటుంది. ఇంకా చదవాలనిపిస్తే ఒడిశా ప్రవేశ పరీక్ష ఓజేఈఈ రాసి బీటెక్ రెండో ఏడాదిలో చేరవచ్చు. మొత్తం ఐదేళ్లు, నేరుగా చేసే బీటెక్ కంటే ఒక్క ఏడాదే ఎక్కువ. మధ్యలో ఆపినా చేతిలో ఒక పట్టా ఉంటుంది. నాలుగేళ్ల బీటెక్ మధ్యలో ఆపినవాడి చేతిలో చాలాసార్లు ఏమీ ఉండదు. మార్కులు మెరుగ్గా ఉండి, మళ్లీ ఓపికగా చదవగలడనుకుంటే ఒక ఏడాది జేఈఈ మెయిన్‌కు కూర్చోబెట్టండి. బరంపురంలోని పర్లా మహారాజా ఇంజనీరింగ్ కాలేజీ ప్రభుత్వానిదే, అక్కడి సీట్లు చాలావరకు ఆ ర్యాంకుతోనే ఇస్తారు. కానీ 64 శాతం అంటే గణితం ఎలా ఉందో ముందు చూడాలి.

ఇంజనీరింగ్ వాడి కోరిక కాకపోతే పర్లాకిమిడి కాలేజీ ఉంది కదా. 1896 నాటి కాలేజీ, శ్రీకృష్ణచంద్ర గజపతి కాలేజీ. కాశీనగర్ నుంచి గుణుపురం లైను రైలుంది, బస్సులున్నాయి, పిల్లాడు ఇంటి అన్నం తిని వెళ్లి రావచ్చు. ‘ప్లస్ త్రీ (మూడేళ్ల డిగ్రీ) చేస్తే ఏమొస్తుంది’ అని మన ఊళ్లలో చులకనగా చూస్తారు. బ్యాంకు పరీక్షలకు, కేంద్ర ప్రభుత్వపు సీజీఎల్ పరీక్షకు అడిగేది ఏదో ఒక డిగ్రీ. పొలం అమ్మి కొన్న డిగ్రీకి, వేలల్లో అయిపోయిన డిగ్రీకి అక్కడ తేడా లేదు. మిగిలిన డబ్బులో కొంత ఒక మంచి కోచింగుకు పెట్టండి.

మన పిల్లలకు ఒక బలం ఉంది, దాన్ని మనమే వాడుకోవడం లేదు. గ్రామీణ బ్యాంకు ఉద్యోగాలకు ఆ రాష్ట్రపు భాష వచ్చి ఉండాలి. ఒడిశా ప్రభుత్వ ఉద్యోగాలకు ఒడియా చదివి ఉండాలి. మీవాడు బడిలో ఒడియా చదివాడు, కాబట్టి ఈ వైపు ఇబ్బంది లేదు. ఇంట్లో తెలుగు మాట్లాడతాడు. చదవడం, రాయడం వచ్చా? మన పిల్లల్లో చాలామందికి రాదు. గిడుగు రామమూర్తి పంతులు గారు పాఠాలు చెప్పిన ఊరి పక్కన పుట్టి తెలుగు బోర్డు చదవలేకపోతున్నారంటే నాకు మనసు చివుక్కుమంటుంది. మాట్లాడటం వచ్చినవాడికి అక్షరాలు నేర్చుకోవడం రెండు మూడు నెలల పని. రోజూ సాయంత్రం కొట్లో కూర్చున్నప్పుడు ఒక తెలుగు పేపరు చేతికివ్వండి. శ్రీకాకుళం వైపు గ్రామీణ బ్యాంకు పరీక్ష కూడా రాయగలుగుతాడు.

బావమరిది మాటను తీసిపారేయకండి. వెల్డింగ్ పని గౌరవమైనది, మంచి వెల్డరు కొత్త ఇంజనీరు కంటే ఎక్కువే తెస్తాడు. అయితే ఊరికే వెంట పంపితే హెల్పరుగా మిగిలిపోతాడు. ఆ దారే నచ్చితే బరంపురం ఐటీఐలో చేర్పించండి, తర్వాత పెద్ద కంపెనీలో అప్రెంటిస్ చేయించండి. ఐటీఐ పాసైనవాళ్లకు కూడా డిప్లొమా రెండో ఏడాదిలో చేరే వీలుంది, కాబట్టి చదువు తలుపు మూసుకుపోదు. నలభై అయిదేళ్లు వచ్చాక కళ్లూ నడుమూ సహకరించనప్పుడు సూపర్‌వైజరు కావాలంటే ఆ డిప్లొమా అక్కరకొస్తుంది. ఈ మాట మీ బావమరిదినే అడగండి. ఆయన పనిచేసే చోట సూపర్‌వైజర్లు ఏం చదివారో ఆయనకు బాగా తెలుసు.

ఇంత చెప్పినా ఆ ప్రైవేటు కాలేజీ మీదే మనసుంటే, కట్టేముందు రెండు పనులు చేయండి. కాలేజీలు ఎన్ఐఆర్ఎఫ్ ర్యాంకుల కోసం కేంద్రానికి ఇచ్చిన లెక్కల్ని తమ వెబ్‌సైటులో పెట్టాలి. అందులో ఎంతమంది పాసయ్యారు, ఎంతమందికి ఉద్యోగాలొచ్చాయి, మధ్యస్థ జీతం ఎంత అన్నవి ఉంటాయి. మధ్యస్థం అంటే, ఉద్యోగం వచ్చినవాళ్లను జీతం ప్రకారం వరుసలో నిలబెడితే సరిగ్గా నడిమి పిల్లాడి జీతం. హోర్డింగు మీద వేసే 40 లక్షల ప్యాకేజీ ఆ వరుసలో మొదటివాడిది. అబ్బాయిని నడిమివాడి పక్కన నిలబెట్టి లెక్క వేయండి. ఆ లెక్కలు కనిపించకపోతే ఆ కాలేజీని వదిలేయండి. రెండోది, మన గుణుపురం, పర్లాకిమిడి వైపు నుంచి ఆ కాలేజీలో చదివిన ఒక్క సీనియర్ ఫోన్ నంబరు ఇమ్మని ఏజెంటును అడగండి. ఇంకొకటి, 2024 నవంబరులో కేంద్రం ఆమోదించిన పీఎం విద్యాలక్ష్మి పథకంలో హామీ లేకుండా అప్పు, 8 లక్షల లోపు ఆదాయం ఉన్నవాళ్లకు వడ్డీలో 3 శాతం రాయితీ ఉన్నాయి. కానీ అది ఎంపిక చేసిన మంచి సంస్థలకే. మేనేజ్‌మెంట్ కోటా సీటుకు వర్తించదు.

చివరిగా మీ పాప. ఉత్తరంలో ఆ అమ్మాయికి ఒక్క వాక్యం ఇచ్చారు, అది కూడా ‘తర్వాత చూద్దాం’ అని. పొలం అమ్మి మొత్తం అన్నయ్యకు పెడితే, రెండేళ్ల తర్వాత ఆమె ప్లస్ టూ పాసయ్యేసరికి ఇంట్లో ఏం మిగులుతుంది? అప్పుడు మీరు కాదనక్కర్లేదు, ఖాళీ చెయ్యే కాదంటుంది. మన ఊళ్లలో ఆడపిల్లల చదువులు చాలావరకు ఇలాగే ఆగిపోయాయి, ఎవరూ వద్దనలేదు. ఆమెకు సైన్స్ ఇష్టమైతే రేపు నర్సింగ్ ఉంది. డిగ్రీ చేసి టీచరు కావచ్చు, బ్యాంకు పరీక్ష రాయవచ్చు. పొలం ఇద్దరిదీ. ఈ ఆదివారం కొట్టు కాసేపు కట్టేసి, భార్యనీ ఇద్దరు పిల్లల్నీ కూర్చోబెట్టి పైన వేసిన లెక్క అందరికీ చదివి వినిపించండి. అబ్బాయిని ముందు మాట్లాడనివ్వండి.

మళ్లీ రాసేటప్పుడు అబ్బాయి గణితం మార్కులు రాయండి. పాప పదో తరగతి మార్కులు కూడా సబ్జెక్టు వారీగా రాయండి. ఒడిశాలో ప్లస్ టూ, ప్లస్ త్రీ, ఐటీఐ, డిప్లొమా సీట్ల దరఖాస్తులు ప్రభుత్వపు సామ్స్ పోర్టల్‌లోనే పెట్టాలి, తేదీలు దాటిపోకుండా చూసుకోండి.